పెళ్లికి పెట్టిన సెలవు

లేబర్ కోర్టులో కంపెనీ వకీలు ఓ కాగితం తీసి జడ్జిగారికి అందించాడు. అది చూడగానే జయమణికి చెవులు వేడెక్కాయి. పెళ్లికి తను పెట్టుకున్న సెలవు చీటీ అది.

పోర్టు దగ్గరి షిప్పింగ్ ఆఫీసులో ఆమె ఆరేళ్లు టైపిస్టుగా చేసింది. పర్మినెంటు హక్కు రాకుండా ఆరేళ్లూ ఎనభైతొమ్మిది రోజుల ఆర్డర్లే. గడువు ముగిశాక ఒక్కరోజు ఇంట్లో కూర్చుంటే, మర్నాడు కొత్త ఆర్డరు చేతికిచ్చేవారు. అలాంటి ఖాళీ రోజే చూసుకుని, మే పదిహేనున, కంచరపాలెం చర్చిలో జ్ఞానశేఖర్‌ని పెళ్లాడింది. పదహారున, జడలో మల్లెలు ఇంకా వాడకముందే ఆఫీసుకు వెళితే, ఇక ఆర్డరు లేదన్నాడు మేనేజరు పోలిరాజు. ఆ ఉద్యోగం తిరిగి ఇప్పించమనే ఈ కేసు.

ఆమెను తాము తీసెయ్యలేదనీ, పెళ్లి కోసం తనే మానేసిందనీ, ఈ చీటీయే సాక్ష్యమనీ కంపెనీ వకీలు వాదించాడు. కింద ‘మంజూరు’ అని పోలిరాజు సంతకం కూడా ఉంది.

జ్ఞానశేఖర్ ఆమె వైపు వంగాడు. “ఏటి మణీ, ఆ రోజు నీకు ఉద్యోగమే లేదు కదా. సెలవెందుకెట్టావు?”

“పర్మినెంటోళ్లు పెడతారు కదండీ. నానూ ఒక్కసారి రాసి సూద్దామనిపించింది.”

రూళ్ల కాగితం కొని, మార్జిను గీసి, ‘నా వివాహ సందర్భమున’ అన్న మాట మూడుసార్లు దిద్దుకుని రాసిందని మాత్రం చెప్పలేదు. అతను నవ్వు ఆపుకున్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ముచ్చటపడి రాసిన ముక్క ఉద్యోగాన్ని ముంచేట్టుంది.

ఆమె వకీలు నీలకంఠం ఆ చీటీని, పాత ఆర్డరును పక్కపక్కన పట్టుకుని, బోనులో ఉన్న పోలిరాజు దగ్గరికి నడిచాడు.

“పద్నాలుగుతో ఈమె ఉద్యోగం అయిపోయిందని మీ ఆర్డరు. పదిహేనుకి సెలవిచ్చామని మీ సంతకం. ఉద్యోగంలో లేని మనిషికి సెలవెలాగిచ్చారు మేనేజరుగారూ?”

పోలిరాజు తన వకీలు వంక చూశాడు. పెళ్లికూతురు శుభలేఖతో వచ్చి అడిగితే కాదనలేకపోయానన్నాడు.

“పోనీ, ఒక్కరోజు సెలవే కదా. మర్నాడు వచ్చిన మనిషిని లోపలికి ఎందుకు రానివ్వలేదు?”

ఆ ప్రశ్న జడ్జిగారు రాసుకున్నారు.

నెల తిరిగాక తీర్పు వచ్చింది. ఖాళీ రోజులు పేరుకేననీ, ఆరేళ్లూ ఒకటే సర్వీసనీ, ఆమెను పనిలోకి తీసుకోవాలనీ. కంపెనీ హైకోర్టుకు వెళుతుందని కూడా అనుకున్నారు.

జయమణి సోమవారం ఆఫీసుకు వెళ్లింది. ఆమె మిషను ముందు ఆరోగ్యమ్మ అనే కొత్తమ్మాయి ఉంది. లేచి నిలబడి, “రేపట్నించి నన్ను రావద్దంటారేటి, అక్కా?” అంది.

జయమణి ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ పిల్ల ఆర్డరు ఎన్ని రోజులదో ఓసారి చూపించమంది.