ఎత్తిపెట్టిన డబ్బా

ఫోన్ మధ్యలో తెగిపోతే తప్పు సుజనదే. నెట్టు తప్పు, కరెంటు తప్పు, వాన తప్పు అనేవి కంపెనీ దృష్టిలో లేనే లేవు. బెంగళూరులో ఫ్రిజ్జులు అమ్మే ఒక కంపెనీకి బంగారుపాళ్యంలో ఇంట్లో కూర్చుని ఫిర్యాదులు వినే ఉద్యోగం ఆమెది. అవతలి మనిషి ఐసు గడ్డకట్టడం లేదని గోడు చెప్పుకుంటూ ఉండగానే చెవిలో గరగరమనేది, ఆ వెంటనే చడీచప్పుడూ ఉండేది కాదు. ఆ మనిషి ఒళ్ళుమండి మళ్ళీ ఫోన్ చేసి ఇంకొకరి దగ్గర అరిచేవాడు. ఇంకొక్క రోజు ఇలాగే జరిగితే ఆఫీసుకే వచ్చి పనిచేయాలని టీమ్ లీడర్ బాలచంద్ర కచ్చితంగా చెప్పేశాడు.

బెంగళూరికి పోవడమంటే నాయనను అమ్మ ఒక్కదాని మీద వదిలేసి పోవడం. అది జరిగే పని కాదు.

నాయన తిరుమలయ్య ముప్పై ఏళ్ళు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేశాడు. సీజనులో లారీలు దిగేటప్పుడు ఆయన కేకేస్తే హైవే అవతల టీ అంగట్లో వినిపించేది. సరిగ్గా ఆ గొంతునే పట్టుకుంది కేన్సరు. వేలూరులో ఆపరేషను చేసి ప్రాణం నిలబెట్టారు, మాట మాత్రం పోయింది. మెడ ముందు రంధ్రం, అందులో గొట్టం, ఊపిరి పీల్చేదీ వదిలేదీ అందులోనుంచే. కఫం అడ్డుపడితే వెంటనే మిషను పెట్టి లాగాలి. తల్లీకూతుళ్ళిద్దరూ ఆ పని నేర్చుకున్నారు. ఎప్పుడు అడ్డుపడుతుందో మాత్రం ఎవరికి తెలుస్తుంది?

అందుకు దిక్కు ఒక పాత కార్డ్‌లెస్ ఫోను. ఇంటికి టెలిఫోన్ లైను తీసేసి ఏళ్ళయింది కానీ ఫోను మిగిలింది. గోడ ప్లగ్గుకు తగిలించే డబ్బా ఒకటి, చేత పట్టుకునే ఫోన్లు రెండు. బయట లైను లేకపోయినా ఆ డబ్బా ద్వారా రెండూ ఒకదాన్నొకటి పిలుచుకోగలవు. ఒకటి నాయన దిండు పక్కన, ఇంకొకటి అమ్మ కుప్పమ్మ రొంటిన. మొదట నాయనకు సెల్‌ఫోన్ ఇచ్చి చూశారు, మందుల దెబ్బకు మొద్దుబారిన ఆయన వేళ్ళకు ఆ అద్దం పలకలేదు. గంట ఇస్తే జారి మంచం కిందికి పోయింది. ఈ ఫోను మీది లావుపాటి బటను ఒక్కటే ఆయన చెప్పినట్టు విన్నది. ఆయన నొక్కితే కుప్పమ్మ దగ్గర మోగేది, ఆమె తీయగానే గోటితో తట్టేవాడు. ఒకసారి తడితే నీళ్ళు, రెండుసార్లయితే కఫం. భార్యాభర్తల మధ్య మిగిలిన మాటలు ఆ రెండే.

ఆ ఉదయం గిరి వచ్చాడు. మండలంలో సగం ఇళ్ళకు నెట్టు వైరు లాగిన నలభై ఏళ్ళు దాటిన మనిషి. హాల్లో రూటరు ముందు చతికిలబడి సెల్‌లో ఏదో పరీక్ష పెట్టి చూస్తూ ఉన్నాడు. ఇంతలో లోపల నాయన నీళ్ళకోసం బటను నొక్కాడు. కుప్పమ్మ రొంటిన ఫోను మోగింది, గిరి సెల్‌లో నెట్టు ఆగిపోయింది. కుప్పమ్మ చెంబు తీసుకుని లోపలికి పోయింది. గిరి తల పంకించాడు.

"దొరికినాడు మా, దొంగ. రూటరు పక్కనే ఈ డబ్బా పెట్టుకోనుండారే, ఇదే. రెండూ గాల్లో ఒకే దావన పోతాయి. సంతలో ఇద్దురు పక్కపక్కన నిలబడి మైకుల్లో అరిసినట్ల. నీ మాటను అది చెరుపుతాది."

"అయితే దీన్ని పీకేయాల్నా అన్నా?" సుజన నాయన గది వైపు చూసింది.

"వొద్దు మా, నాయనకు అదే గదా దిక్కు. ఈ రూటరు పాతది, దీనికి ఇంకో దావ తెలీదు. వచ్చే వారం కొత్తది తెస్తా, అది వేరే దావన పోతాది. అంతవరకూ ఈ డబ్బాను వంటింటి అటక మీద పెట్టుకో. ఆడ ప్లగ్గు ఉండాది గదా. దూరంగా ఉంటే ఇంత కొట్లాట ఉండదు."

ఆ మాట సుజనకు నెత్తిన పాలు పోసినట్టయింది. గిరి రూటరులో ఏవో మార్చి వెళ్ళేసరికి పది కావడానికి రెండు నిమిషాలుంది. ఆమె పరుగున గదిలోకి పోయి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. మొదటి కాల్ అప్పుడే మోగుతూ ఉంది. తలుపు సందులోంచి తల బయటపెట్టి, అప్పుడే బయటికి వచ్చిన తల్లితో అంది.

"మా, ఆ డబ్బాతోనే నెట్టు పోతా ఉండాదంట. గిరన్న చెప్పినాడు. దాన్ని ఎత్తిపెట్టు."

"సరే పాపా," అంది కుప్పమ్మ.

తలుపు మూసుకుంది. జరిగిన ఘోరమంతా ఎత్తిపెట్టు అనే ఆ ఒక్క మాటలో ఉంది. ఎత్తి, పైన పెట్టమని సుజన ఉద్దేశం. ఎక్కడ అనేది చెప్పలేదు, అటక అనే మాటే రాలేదు, చెప్పాననుకుంది. చిత్తూరు జిల్లా ఇళ్ళల్లో మిగిలిన అన్నం ఎత్తిపెడతారు, పట్టుచీర ఎత్తిపెడతారు, పిల్లవాడు పాడుచేస్తాడని బొమ్మను ఎత్తిపెడతారు. అంటే ఇక వాడకుండా భద్రంగా దాచడం. కుప్పమ్మ పుట్టినప్పటినుంచీ ఆ మాటకు తెలిసిన అర్థం అదే. కూతురి ఉద్యోగానికి అడ్డమొచ్చే వస్తువును ఎత్తిపెట్టమంటే ఆమె ఎందుకని అడుగుతుంది? డబ్బా ప్లగ్గు పీకింది, వైరు పొందిగ్గా చుట్టింది, పాత తువ్వాలులో మూటగట్టి బీరువాలో పెట్టింది. డబ్బా ఉన్నది ఛార్జి ఎక్కించడానికే అని ఆమె అనుకుంది. చేతి ఫోన్లు రెండింట్లో ఛార్జి నిండుగా ఉంది, రెండింట్లోనూ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

ఆ పూట నెట్టు ఒక్కసారి కూడా ఆగలేదు. కాల్ మీద కాల్. మాట స్పష్టంగా వినిపించింది. హుబ్బళ్ళి నుంచి ఒకావిడ, ఇంత ఓపికగా విన్నవాళ్ళు ఇంతవరకూ లేరని పొగిడింది. బాలచంద్ర మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టాడు. రోజూ ఆ పాటికి మూడు నాలుగుసార్లయినా తలుపవతల ఫోను మోగేది, ఈరోజు మోగలేదు. నాయనకు మంచి నిద్ర పట్టినట్టుందని సుజన సంతోషపడింది. ఆ సంతోషాన్ని ఆమె జన్మలో క్షమించుకోలేదు.

కుప్పమ్మ కూడా అలాగే అనుకుంది. పదకొండింటికి ఒకసారి తొంగి చూసింది, ఆయన నిద్రలో ఉన్నాడు. లేపడమెందుకని పెరట్లోకి పోయి చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. రొంటినున్న ఫోను మోగుతుందనే ధీమా ఆమెది.

పన్నెండున్నరకు కుప్పమ్మ రాగిజావ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళింది. గ్లాసు పడిన చప్పుడుకు సుజన హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతుండగానే పరుగెత్తుకొచ్చింది. నాయన మంచం పట్టెకు అడ్డంగా ఒరిగిపోయి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. పిడికిట్లో ఫోను, బటను మీద బొటనవేలు. చిన్న తెర మీద డబ్బా కోసం వెతుకుతున్నట్టు ఇంగ్లీషు అక్షరాలు వచ్చి పోతున్నాయి. సుజన మిషను పెట్టి లాగింది. కఫం వచ్చింది, ఊపిరి రాలేదు. మళ్ళీ లాగింది. కుప్పమ్మ చెయ్యి పట్టుకుని ఆపేదాకా లాగుతూనే ఉంది.

"డబ్బా యాడ మా?" అంది సుజన, ఫోను తెర మీది అక్షరాలు చూసి.

"బీరువాలో ఎత్తిపెట్టినా పాపా, నువ్వు చెప్పినట్లే," అంది కుప్పమ్మ. ఎందుకు అడుగుతున్నదో ఆమెకు అప్పటికి అర్థం కాలేదు.

మూడో రోజు గిరి పలకరించడానికి వచ్చాడు. తల్లీకూతుళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. రెండు రోజులుగా కుప్పమ్మ చెయ్యి కూతురి ఒడిలోనే ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళ మాటలను బట్టి డబ్బా లేనిదే ఫోన్లు మోగవని ఆమెకు కొద్దికొద్దిగా తెలిసింది. అప్పటినుంచి ముద్ద మింగడం లేదు.

గిరి ఎదురుగా కూర్చున్నాడు. మనసాగక అడిగేశాడు.

"అటక మీద పెడితే మోగాల గదా మా. దూరం ఎక్కువయిందా?"

కుప్పమ్మ తలెత్తింది.

"అటక మీదనా?" గిరి వైపు చూసి, కూతురి వైపు తిరిగింది. "నువ్వు అటక మీద పెట్టమంటివా పాపా? నేను తప్పుగా ఇనుకుంటినా? నేనే సంపుకుంటినా ఆయప్పను?"

అవునన్నా కాదన్నా ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఆ బరువు మోయాలి. అరవై ఏళ్ళ ఆ మనిషి దాన్ని మోస్తే ఆరు నెలలు బతకదని సుజనకు తెలుసు.

"లేదు మా," అంది. "దాన్ని వాడొద్దు, బీరువాలో పెట్టెయ్యి అనే నా మాటకు అర్థం. నువ్వు సరిగ్గానే ఇన్నావు. నాకు పని పోతాదని బయమేసి అట్ల చెప్పినా."

గిరి నోరు తెరిచి ఏదో అనబోయాడు. సుజన ముఖం చూసి ఊరుకున్నాడు.

కుప్పమ్మ పొగిలి పొగిలి ఏడ్చింది. ఆ ఏడుపులో ఏదో బరువు దిగిపోయిన తెరిపి కూడా ఉంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని కూతురిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కూతురి ఒడిలోంచి తన చెయ్యి తీసుకుని, లేచి, గోడ దగ్గరికి జరిగి కూర్చుంది.