గుడ్ ఫ్రైడే నాటి ముదురు గీత

మా అక్క స్తమాతాకి నలభై దగ్గరపడుతోంది. బిడ్డ కలగడానికి ఇక కొన్ని నెలలే అవకాశమని ఏథెన్స్ డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. నేను పనిచేసే మందుల షాపు నుంచి, అండం విడుదలయ్యే సమయాన్ని చెప్పే స్ట్రిప్పులు అక్కకి తెచ్చిచ్చేదాన్ని. రెండో గీత మొదటి గీతంత ముదురుగా వస్తేనే లెక్క. అక్కకి ఎప్పుడూ అది వచ్చీ రానట్టు పాలిపోయే ఉండేది.

ఆ ఏడాది గుడ్ ఫ్రైడే పొద్దున చర్చిలో ఆడవాళ్లందరం క్రీస్తు పాడెకి పూలు కడుతున్నాం. ఇంటికెళ్లొచ్చిన అక్క నన్ను పక్కకి లాగి చేతిరుమాలు విప్పింది. స్ట్రిప్పు మీద రెండు గీతలూ ఒక్కలాగే ముదురుగా ఉన్నాయి.

"చూడవే, దీనికి ఇవాళే దొరికిందా!"

"మంచిదేగా. బావకి చెప్పు."

"ఏమని చెప్పను? ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలైనప్పట్నుంచీ నూనెచుక్క ముట్టలేదాయన. సాయంత్రం పాడె ముందు పాడాల్సినవాడు. ఇవాళ పక్కలోకి రమ్మంటే నన్ను మనిషనుకుంటాడా? ఈస్టర్ దాకా ఆగితే?"

"అండానికి పండగలు తెలీవక్కా. రేపు దాటితే దాని దారి అది చూసుకుంటుంది. ఇన్నేళ్లు బావ చేత పాడించుకున్న దేవుడు ఒక్క శుక్రవారం సర్దుకోలేడా?"

"నోర్ముయ్ తింగరిదానా, చర్చిలో ఉన్నాం."

అంటూనే ఫక్కున నవ్వింది. తర్వాత స్ట్రిప్పుని తుంచిన కాడల బుట్టలో పడేసి మళ్లీ పూలు కట్టడానికి కూర్చుంది. సాయంత్రం థోడోసిస్ బావ పాడుతుంటే ఊరంతా ఏడ్చింది. అక్క అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

ఆ తర్వాత ఏ నెలా గీత ముదరలేదు. ఆగస్టులో డాక్టరమ్మ ఇక ఆశ పెట్టుకోవద్దంది. మర్నాడు మధ్యాహ్నం బావ రేవులో ఆక్టోపస్‌ని మెత్తబడేలా బండకేసి బాదుతున్నాడు. అక్క వెళ్లి పక్కన కూర్చుని, ఆ శుక్రవారం సంగతి మొత్తం చెప్పేసింది. నేనూ అక్కడే ఉన్నాను.

బావ చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజా? పాడినంతసేపూ నా మనసు నీమీదే ఉంది. ఇంటికొచ్చాక నీ దగ్గరికి రావాలనిపించింది. నువ్వు అంత ఏడ్చి పడుకున్నావు, నేనేమో ఇలాంటి ఆలోచనతో... సిగ్గేసి వంటింట్లోనే కూర్చుండిపోయా."

"కుర్చీ చప్పుడు వినబడింది. ప్రార్థన చేసుకుంటున్నావనుకున్నా."

"నిద్రపోలేదా నువ్వు?"

"లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని కోప్పడను? దేవుడు వీళ్లని ఏమీ అడగలేదు. ఒకరి భక్తికి ఒకరు జడిసి, ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ మేలుకుని ఉన్నారు.

"ఒక్క పిలుపు పిలవాల్సింది కదే," అన్నాడు బావ.

"నువ్వు ఒక్కసారి తలుపు తియ్యాల్సింది," అంది అక్క.