పడవకు కళ్లు వేసిన చెయ్యి

సముద్రంలో వేట నిషేధించే రెండు నెలలూ యానాం దగ్గరి ఆ జాలరిపేటలో పడవలకు రంగులు వేసి, ముందు కొమ్మున కళ్లు గీసే రోజులు. సురేష్‌బాబు షెడ్డు ముందు నాలుగు పడవలు వరుసగా నిలబడ్డాయి. ఐదోది టార్పాలిన్ పరదా వెనుక ఉంది.

"ఒరేయ్ సురేషూ, ఏం కళ్లు వేస్తావురా! నీ కళ్లు చూసి చేపలు వాటంతటవే వలెక్కేత్తన్నాయి" అన్నాడు పడవ యజమాని పెదబాబు.

"అంతా మీ అభిమానమండి" అని సురేష్‌బాబు చేతులు కట్టుకున్నాడు.

పరదా వెనుక అతని భార్య అశ్విని ఊపిరి బిగబట్టి కుంచె ఆపింది. ఆడచెయ్యి పడవకు కళ్లు వేస్తే వేట పడదని ఆ పేటలో గట్టి నమ్మకం. సురేష్‌బాబుకు పూత పూయడం వచ్చు, గీత రాదు. తొమ్మిదో తరగతిలోనే బడి మానిపించిన అశ్వినికి మిగిలింది ఆ గీత ఒక్కటే. వేసేది ఆమె, కింద పేరు అతనిది. సంగతి బయటపడితే పనిచ్చేవాళ్లుండరు. అందుకే నాలుగేళ్ల దుర్గాశ్రీకి కూడా, ఎవరడిగినా నాన్నే వేశారని చెప్పమని అశ్వినే నేర్పింది. ఎందుకని పిల్ల అడిగితే కారణమూ చెప్పింది.

ఆ పడవల ఫొటోలు చూసి రాజమండ్రి నుంచి పిలుపొచ్చింది. గోదావరి గట్టున రాక్, ఫంక్, హిప్‌హాప్ పాటల పండుగ. పక్కనే వీధి గోడల మీద బొమ్మలు. సురేష్‌బాబు పేరున పెద్ద గోడ కేటాయించారు.

"ఏమండీ, అది గోడే కదండి, పడవ కాదు కదా. ఈ ఒక్కదాని కింద నా పేరు రాసుకోనా?"

"పిచ్చా నీకు? పెదబాబుగారోళ్లు ఆ గోడ చూడ్డానికి వ్యాను కట్టించుకుని మరీ వత్తన్నారు. తెల్లారితే మన గడప తొక్కుతారా?"

అతను చెప్పిందీ నిజమే. ఆమె మళ్లీ అడగలేదు.

"పూర్తయ్యేదాకా చూపించకూడదండి, మా ఆనవాయితీ" అని పండుగ జరిపించేవాళ్లకు చెప్పి అతను గోడకూ పరదా కట్టించాడు. శనివారం పొద్దున లోపల అశ్విని నిచ్చెనెక్కింది, కింద దుర్గాశ్రీ ఆడుకుంటోంది. అవతల వేదిక మీద వాయిద్యాలు సరిచూస్తున్నారు. బేస్ గిటార్ మోత నేలలోంచి నిచ్చెనకు, నిచ్చెనలోంచి ఆమె పాదాలకు ఎక్కింది. డ్రమ్ము దెబ్బకొక గీత పడింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని, నోరు తెరిచి పాడుతున్న ఆడమనిషి ఆ గోడంతా నిండింది. అంత పెద్ద బొమ్మ ఆమె ఎన్నడూ వేయలేదు.

ఆదివారం సాయంత్రం పరదా తీశారు. జనం ఈలలు వేశారు. సురేష్‌బాబుకు శాలువా కప్పారు. అశ్విని పిల్లను చంకనేసుకుని పెదబాబు పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

తుని నుంచి వచ్చిన ర్యాప్ గాయని క్రిస్టినా మైకు అందుకుంది. "ఈ హిప్‌హాప్ పాట ఎక్కడ పుట్టిందో తెలుసాండి? ఎవరూ పట్టించుకోని వీధుల్లో. అక్కడి పిల్లలు గోడల మీద తమ పేర్లు రాసుకున్నారు, మేమూ ఉన్నామని పాడుకున్నారు. మా అమ్మ స్టేషన్ బయట పూలు అమ్ముద్ది. నా పేరు క్రిస్టినా. గట్టిగా చెప్పండి, మీ పేరేంటి?"

వేల గొంతులు లేచాయి. అశ్విని పెదవులు కదిలాయి. పెదబాబు ఇటు తిరిగి చూసేసరికి మూసుకున్నాయి.

క్రిస్టినా వేదిక దిగి గోడ దగ్గరికి వచ్చి, మైకు దుర్గాశ్రీ ముందు పెట్టింది. "నీ పేరేంటమ్మా? ఈ బొమ్మ ఎవరేశారు?"

రెండు రోజులూ ఆ నిచ్చెన కిందే ఆడుకున్న పిల్ల. అమ్మ అని చెప్పెయ్, తల్లీ, చెప్పెయ్ అని అశ్విని లోలోపల వేడుకుంది. పొయ్యి వెలగకపోయినా సరే అనుకుంది.

"దుర్గాశ్రీ. మా నాన్న వేశారండి!"

"అబ్బో! మరి పెద్దయ్యాక నువ్వూ వేస్తావా?"

పిల్ల అడ్డంగా తలూపింది. "ఆడోళ్లు వెయ్యకూడదండి. వేస్తే చేపలు పడవు."

జనం గొల్లున నవ్వారు. "బంగారం లాంటి మాట చెప్పావే!" అని పెదబాబు పిల్ల బుగ్గ గిల్లాడు. గిటార్లు మళ్లీ మోగాయి. అశ్విని చేతుల్లో పిల్ల ఆ పాటకు ఎగురుతోంది. మెచ్చుకుంటుందేమోనని అమ్మ ముఖంలోకి చూస్తోంది. అశ్వినికి నవ్వక తప్పలేదు.

తల్లులారా, ఇల్లు గడవడం కోసం మన పేరు మనం దాచుకుంటాం. ఆ దాచుకోవడాన్నే మన ఆడపిల్లలు చదువుగా నేర్చుకుంటున్నారు.