అడిగాక ఆగాలి

"కూర ఇంకొంచెం వెయ్యనా, వద్దులెండి, ఇవాళ కారం ఎక్కువైంది." నా మాటతీరు ఇలా ఉండేది. ప్రశ్న నాదే, జవాబూ నాదే. మధ్యలో ఎదుటివాళ్ళు నోరు తెరిచే సందు కూడా ఇచ్చేదాన్ని కాను. ముప్ఫై దాటేదాకా ఈ సంగతి నాకు తెలియదు. ఇంట్లోవాళ్ళెవరూ చెప్పలేదు. అంతా హాయిగా జరిగిపోతుంటే చెప్పాల్సిన అవసరం వాళ్ళకేముంది? టీచర్ ట్రైనింగులో చేరాక మా మేడమ్ చెప్పింది.

ఇప్పుడు నేనే వెనక బెంచీలో కూర్చుని, ట్రైనింగుకి వచ్చిన అమ్మాయిలు పాఠం చెప్తుంటే చూస్తున్నాను. చాక్‌పీసు పట్టుకుని వాళ్ళు తడబడుతుంటే నాకు నా ట్రైనింగు ఏడాది మొత్తం కళ్ళముందు తిరుగుతుంది. అరిగిపోయిన కాలేజీ మెట్లు, తలుపు సరిగ్గా పడని మా క్లాసు గది, మధ్యాహ్నం డబ్బాలు తెరిచి ఒకరి కూర ఒకరం లాక్కుని తినడం. నీ జీవితంలో బాగా ఇష్టమైన ఏడాది ఏది, పెళ్ళయినదా, పాప పుట్టినదా అని ఎవరైనా అడిగితే మొహమాటానికి వాటిలో ఏదో ఒకటి చెప్తాను గానీ, కాదు. ఆ ఏడాదే.

సీటు వచ్చిందని చెప్పినప్పుడు నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. "ఏడాదే కదా, కానియ్," అన్నారు. "పాప కూడా స్కూలుకి పోతోంది, నీకూ కాలక్షేపంగా ఉంటుంది. తర్వాత ఎలాగూ ఇంట్లోనేగా ఉండేది." అత్తయ్య టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "నేనేం అడ్డం చెప్పనమ్మా. నాకు మాత్రం పొద్దున వేళకి కడుపులో ఏదో ఒకటి పడాలి, మందులేసుకోవాలి," అన్నారు. పాపం, ఇద్దరిలో ఒక్కరూ వద్దనలేదు. కానీ ఆ 'తర్వాత ఎలాగూ' అన్న మాట నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. నేను కాలక్షేపానికి చేరలేదు. నాకు టీచర్ ఉద్యోగం కావాలి. చిన్నప్పుడు ఇంట్లో తలుపులన్నిటికీ పాఠాలు చెప్పి, సరిగ్గా వినని తలుపుని బెత్తంతో కొట్టినదాన్ని. ఆ మాట పైకి అనకుండా, "అవును, తర్వాత ఇంట్లోనేగా," అని నేనే తల ఊపేశాను.

ఇక చూడండి నా పరుగులు. పొయ్యి మీద అన్నం, ఫ్రిజ్ తలుపుకి అతికించిన లెసన్ ప్లాన్, ఒళ్ళో పాప జడ. జడ అల్లుతూ బాష్పీభవనం గురించి పైకి చదువుకునేదాన్ని. కొన్నాళ్ళకి అది పాపకి నాకన్నా బాగా వచ్చేసింది. "అమ్మా, నీకు రేపు పరీక్షా?" అనేది. "నాకు రోజూ పరీక్షేనే," అనేదాన్ని. ఒకసారి మూడు సాయంత్రాలు కూర్చుని నీటిచక్రం చార్టు వేశాను. మబ్బులకి రంగు కుదరక చెరిపి చెరిపి వేశాను. పొద్దున చూస్తే చార్టు లేదు. ఇల్లంతా వెతికితే, అత్తయ్య దాన్ని నాలుగు ముక్కలు చేసి వంటింటి అలమారలో పరిచేశారు, పైన డబ్బాలు కూడా సర్దేశారు. "దళసరి కాగితం కదా, బాగుందని వేశాను. బొమ్మ పాడవకుండా కిందికే పెట్టానులే," అన్నారు. ఆవిడ నిజంగా నాకు సాయం చేశాననే అనుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక బస్సెక్కాను.

కాలేజీలో మైక్రో టీచింగ్ అని ఒకటుండేది. తోటి ట్రైనీలే పిల్లల్లా బెంచీల్లో కూర్చుంటారు, మనం కాసేపు పాఠం చెప్పాలి, టైము కాగానే మేడమ్ చిన్న గంట కొడుతుంది. అందుకని ఆవిడకి గంట మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. పిల్లల్లా కూర్చోమంటే చాలు, మావాళ్ళు రెచ్చిపోయేవాళ్ళు. మా అందరిలోకీ చిన్నదైన ఒక అమ్మాయిని, నోరు మూత పడదని పిచ్చుక అనేవాళ్ళం. నా మొదటి పాఠంలో పిచ్చుక లేచి, "టీచర్, వీడు నా పెన్సిల్ కొరికేశాడు," అని ఏడుపు లంకించుకుంది. 'వీడు' అంటే ఇద్దరు పిల్లల తండ్రి, ఇంత మీసం. ఆయన తల వంచుకుని, "ఆకలేసింది టీచర్," అన్నాడు. నేను చాక్‌పీసు కింద పడేసి మరీ నవ్వాను. అంత నవ్వు నా దగ్గర ఇంకా మిగిలి ఉందని నాకే తెలియదు.

గంట మేడమ్ మాత్రం నవ్వలేదు. "బోర్డు మీద రాత బాగుంది. గొంతు బాగుంది. కానీ నువ్వు అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు నువ్వే చెప్పావమ్మా. ఇక మేమెందుకు? లేచి ఇళ్ళకి పోతాం." క్లాసంతా గొల్లుమంది. "అడిగాక ఆగాలి. పిల్లలు లోపల వెతుక్కుంటుంటారు. ఆ కాసేపు నోరు కట్టుకోలేకపోతే నువ్వు టీచర్‌వి కాదు, రేడియోవి."

మళ్ళీ చెప్పమంది. చెప్పాను. "నీళ్ళు ఎప్పుడు మరుగుతాయి? వేడెక్కినప్పుడు, అంతేగా?" మళ్ళీ గొల్లు. ఆ పూటే పిచ్చుక నాకు జవాబమ్మ అని పేరు పెట్టింది. అందరూ వెళ్ళాక బోర్డు తుడుస్తుంటే మేడమ్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఎందుకు ఆగలేకపోతున్నావు? ఏమిటి భయం?"

"ఎవరూ చెప్పకపోతే ఎలా మేడమ్?"

"చెప్పకపోతే చెప్పలేదని తెలుస్తుంది. అది కూడా తెలుసుకోవలసిందేగా."

ఇంటికొచ్చి ఆయన ముందు టీ పెట్టి, "రేపు నాకు కాలేజీలో ఆలస్యమవుతుంది, పాపని మీరు తీసుకొస్తారా, మీకెక్కడ కుదురుతుందిలెండి, పక్కింటావిడని అడుగుతాను," అన్నాను. అన్నాక నా మాట నాకే వినిపించింది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తనైనా లేదు. ఎత్తాల్సిన పని నేను పెట్టలేదుగా.

గిన్నెలు తోముతూ పాత మాటలన్నీ ఒక్కొక్కటే తవ్వుకున్నాను. 'అమ్మ దగ్గరికి నాలుగు రోజులు వెళ్ళిరానా, వద్దులెండి, అత్తయ్యకి ఇబ్బంది.' 'ఆ కంప్యూటర్ క్లాసులో చేరనా, ఎందుకులెండి, పాప చిన్నది.' 'మీతో పాటు నేనూ రానా, నాకు బోరు కొడుతుందిలెండి.' మా ఆయన నన్ను ఏనాడూ వద్దనలేదని నా స్నేహితుల దగ్గర ఎంత గొప్పగా చెప్పుకున్నానో. వాళ్ళు అసూయపడ్డారు కూడా. ఆయన ఎందుకు వద్దంటారు, ఆ వద్దనే పని కూడా నేనే చేసిపెడుతుంటే? వంట, ఇస్త్రీ, మందులు, బట్టలు, వాటితోపాటు ఇదొకటి. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆయన మీద కూడా మండింది, కాస్త ఆలస్యంగా.

తర్వాత టీచింగ్ ప్రాక్టీసుకని మమ్మల్ని ఒక స్కూలుకి పంపారు. అక్కడి స్టాఫుకి మేము దొరికిందే అదను. ఎవరు రాకపోయినా ఆ క్లాసు మాదే, ఎవరి పరీక్ష పేపర్లయినా దిద్దేది మేమే. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నారని హడావిడి పడుతున్న రోజు, సీనియర్ మాస్టారు మా గదిలోకి తొంగిచూసి, "అమ్మాయిలూ, కాస్త టీ సంగతి చూడండి," అన్నారు. పెన్సిల్ కొరికిన మీసాలాయన మా పక్కనే ఖాళీగా కూర్చుని ఉన్నాడు. ఆయన వైపు చూపు కూడా పోలేదు మాస్టారికి. పిచ్చుక ఊరుకుంటుందా, "తప్పకుండా సార్, టీకి ఎన్ని మార్కులు వేస్తారు?" అంది. మాస్టారు కూడా నవ్వారు. నవ్వులు నవ్వులే, టీ మాత్రం మేమే పెట్టాం. కప్పులు కూడా మేమే కడిగాం. చదువుకుని గడప దాటి వచ్చింది ఇందుకా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కానీ క్లాసులోకి వెళ్ళగానే అవన్నీ మర్చిపోయేదాన్ని. ఆరో తరగతి. సుద్ద పొడి, చెమట, కొత్తగా చెక్కిన పెన్సిళ్ళ వాసన. ఒకరోజు తడి రుమాలు తీసుకెళ్ళి కిటికీ చువ్వకి కట్టాను. పాఠం సగమయ్యేసరికి ఆరిపోయింది. వెనక బెంచీలో గంట మేడమ్ కూర్చుని ఉంది. "ఇందాక ఇందులో నీళ్ళున్నాయి. ఇప్పుడు లేవు. ఎక్కడికి పోయాయి?" అని అడిగాను. అడిగి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ పలకలేదు. జవాబు గొంతు దాకా వచ్చి తన్నుతోంది. ఒకడు తల గోక్కున్నాడు, ఒకడు రుమాలు వైపు అనుమానంగా చూశాడు. అప్పుడు, నెల రోజులుగా నోరు విప్పి ఒక్క మాట మాట్లాడని ఒక అమ్మాయి, చివర్లో గోడవార కూర్చునేది, లేచి నిలబడింది. "ఎక్కడికీ పోలేదు టీచర్. ఇక్కడే ఉన్నాయి, మనకి కనపడట్లేదు," అంది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తున్నట్టు నటించాను. నేను తొందరపడి ఉంటే ఆ పిల్ల మాట నేను ఎప్పటికీ వినేదాన్ని కాదు. ఈ పని తప్ప నాకు ఇంకే పనీ వద్దని ఆ నిమిషంలో అనిపించింది. ఏడాది అయిపోవస్తోందని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

ప్రాక్టీసు చివరి రోజు ఆ స్కూలు పెద్ద టీచరమ్మ నన్ను తన గదికి పిలిచింది. "సెలవులయ్యాక మాకు సైన్సు టీచర్ కావాలి. నువ్వొస్తే బాగుంటుంది. ఇంట్లో మాట్లాడుకుని రేపు చెప్పు," అంది. బయటికొచ్చి పిచ్చుకని పట్టుకుని ఎగిరినంత పని చేశాను. సంతోషమంతా బస్సెక్కేదాకానే. కిటికీ పక్క కూర్చున్నానో లేదో, ఇంట్లో చెప్పాల్సిన మాట దానంతటదే తయారైపోతోంది. 'ఉద్యోగం ఇస్తామన్నారండీ, మనకెక్కడ కుదురుతుంది, కుదరదని చెప్పేస్తాలెండి.' ఎంత నున్నగా వచ్చిందో. ఒక్క తడబాటు కూడా లేదు. ఆ మాట నోరు జారితే నా చదువు, నా ఆరో తరగతి, అన్నీ పోయినట్టే. పోగొట్టింది నేనే అవుతాను, ఆయనకి తెలియను కూడా తెలియదు.

నలుగురం భోజనానికి కూర్చున్నాం. అందరికీ వడ్డించి నేనూ కంచం పెట్టుకున్నాను. "మా ప్రాక్టీసు స్కూల్లో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. నాకు చేరాలని ఉంది. మీరేమంటారు?" అన్నాను. అని ఆగాను.

ఆయన తింటూనే ఉన్నారు. మిగతా సగం నేనే చెప్తానని అలవాటుకొద్దీ ఎదురుచూస్తున్నారు. ఫ్యాను చప్పుడు అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు. కాసేపటికి, "ఊఁ, తర్వాత?" అన్నారు.

"తర్వాతేం లేదు. అడిగాను."

అప్పుడు తల ఎత్తి చూశారు. పాఠం చదవకుండా వచ్చిన పిల్లాణ్ణి పేరు పెట్టి లేపితే ఎలా చూస్తాడో అలా ఉంది ఆ మొహం. నాకు జాలేసింది. ఎప్పటి అలవాటో, ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంటే చూడలేను. 'పోనీలెండి' అన్న మాట పెదాల దాకా వచ్చింది. దాన్ని అన్నం ముద్దతో పాటు మింగేశాను. అత్తయ్య మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించారు. పాప ఆయన వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తోంది.

"వద్దు," అన్నారు ఆయన చివరికి. "ఏడాదే అనుకున్నాం కదా."

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. వింతగా, ఒళ్ళు తేలికైంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట ఆయన నోటి నుంచి విన్నాను. నేను అనుకున్నంత పెద్దగా లేదది. ఒక మనిషికి ఒక సంగతి ఇష్టం లేదు, అంతే. ఇన్నాళ్ళూ ఆ వద్దుని నా గొంతుతో నేనే చెప్పుకున్నాను గనక కాదనడానికి ఎదురుగా మనిషే లేకపోయాడు. ఇప్పుడున్నాడు.

"సరే, మీకు ఇష్టం లేదని తెలిసింది," అన్నాను. "నేను చేరుతున్నానండీ. రేపు వెళ్ళి చెప్తాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య గ్లాసులోకి చూసుకుంటున్నారు. మళ్ళీ నా వైపు తిరిగి, "మరి ఇంట్లో పనంతా ఎవరు చేస్తారు?" అన్నారు.

దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. తెల్లారకముందే లేస్తాను, రెండు పూటల వంటా ఒకేసారి చేసి పెట్టేస్తాను, ఇస్త్రీ సెలవురోజు చూసుకుంటాను, అత్తయ్య మందులు విడివిడిగా కట్టి పెడతాను, పాప సంగతి పక్కింటావిడతో మాట్లాడతాను, మీకేం లోటు రానివ్వనండీ. అన్నీ వరసకట్టి నా నాలుక చివర నిలబడ్డాయి. ఆయన నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. మంచి ప్రశ్నే అది. అడిగింది ఆయన, జవాబు వెతుక్కోవలసిందీ ఆయనే.

నేను అన్నం పూర్తి చేసి, నా కంచం ఒక్కటే తీసుకుని లేచాను.