ఆకు కనబడకూడదన్న కాలనీలో ఒక దంతె

ఆకులు తగలబెట్టేది మీరు. ఆ పొగకు దగ్గొస్తే మునిసిపాలిటీని తిట్టేది మీరు. చెట్టు వేసవికి ముందు తన కాళ్ల దగ్గర తనే పరుచుకున్న పక్కను రోజూ పొద్దున్నే లాగిపారేసి, ఎండకు నేల నెర్రెలిస్తే ట్యాంకరుకు ఫోను చేసేదీ మీరే. కాలనీ ప్రెసిడెంట్లు, సెక్రటరీలు, వరండాలో కాఫీ తాగుతూ “అదిగో, అక్కడొక ఆకు వదిలేశారు” అని వేలు చూపించే పెద్దమనుషులు, అందరినీ కలిపే అంటున్నాను. ఎవరినీ మినహాయించడం లేదు.

ఇంత మాట అనడానికి నువ్వెవరంటారా? నేను ఒక దంతెను. పొడుగాటి కర్రకు ఇనప పళ్లు బిగించిన తోటపని సామానును. కొందరు పంజా అంటారు. మీరు నిప్పు పెట్టే కుప్పలను పోగేసేది నా పళ్లతోనే. అందుకని ఈ విషయంలో నాకంటే దగ్గరి సాక్షి మీకు దొరకడు.

కడియం పక్కన ఒక కొలిమిలో పుట్టాను. బరువు మోసి మోసి విరిగిపోయిన లారీ కమాను పట్టాను కమ్మరి ఎర్రగా కాల్చి, చీల్చి, సాగగొట్టి నాకు పళ్లు పెట్టాడు. లారీ జన్మలో నా మీద ఏం వేసుకెళ్లారో గుర్తు లేదు. ఇసుకే అయ్యుంటుంది. గోదావరి జిల్లాలో లారీ ఇంకేం మోస్తుంది? సరుగుడు కర్ర బిగించి గుమ్మంలో నిలబెట్టగానే గుత్తుల సత్యంగారనే నర్సరీ ఆసామి నన్ను కొనుక్కుపోయాడు.

నర్సరీ బతుకు మహా శుభ్రమైన బతుకు. నల్లసంచుల్లో మొక్కలు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉండాలి. మధ్యలో నేల అద్దంలా ఉండాలి. కొనడానికి వచ్చినవాడి చెప్పుకు ఆకు అంటకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో అన్నిటి తలలూ తడపాలి. సంచిలో గుప్పెడు మట్టి, అది సాయంత్రానికి ఆరిపోతుంది కాబట్టి అక్కడ ఆ పద్ధతే సరైనది. ఈ మాట గుర్తుంచుకోండి. నర్సరీకి సరైనదని మాత్రమే అన్నాను.

అక్కడ అంట్లు కట్టే పని చేసేది పెంకే వీరవేణి. మామిడి అంటు కట్టిందంటే పట్టుకోవలసిందే. సత్యంగారు ఆ నేలను లేఅవుటు వాళ్లకు ఇచ్చేసి, పనివాళ్లను సామాను పంచుకోమన్నాడు. కత్తెరలు, పైపులు, చేతిబండ్లు మగవాళ్లు పట్టుకుపోయారు. గోడకు ఆనించి ఉన్న నన్ను వీరవేణి భుజాన వేసుకుంది. ఇంటికి వెళ్లగానే తన ఆడపడుచు నూకరత్నంతో తేల్చి చెప్పింది.

“ఇంకోడి నర్సరీలో నేను కూలికెళ్లను రత్నం. తోటలు చూస్తామని మనమే కాంట్రాక్టు పడదాం. నువ్వా జీడిపప్పు బట్టీ మానేసి వచ్చెయ్.”

“తోటలెవరిత్తారు వదినా మనకి?”

“అడిగితే కదా తెలిసేది.”

అడిగారు. రాజమండ్రి శివార్లలో ఎర్రనేల మీద కట్టిన ఒక కాలనీ వాళ్లు తమ పార్కు ఇస్తామన్నారు. సెక్రటరీ కృపానందంగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన మనిషి. ఉద్యోగంలో ఎన్ని పచ్చజెండాలు ఊపాడో తెలియదు గానీ, కాలనీకి వచ్చాక అన్నిటికీ ఎర్రజెండాయే. ఆయన పెట్టిన షరతు సూటిగా ఉంది. ఉగాది నుంచి వానలు పడేదాకా చూస్తారు. పార్కు పచ్చగా నిలబడితే ఏడాది పొడవునా వీళ్లదే. ఎండిందా, విశాఖ నుంచి యంత్రాలతో వచ్చే కంపెనీ ఒకటి సిద్ధంగా ఉంది. “ఇంకోటమ్మా,” అన్నాడాయన, “ఆకు కనబడకూడదు.”

వీరవేణి తలూపింది. ఒప్పుకోక ఏం చేస్తుంది. ఈ పార్కు పోతే తను మళ్లీ కూలికి, రత్నం మళ్లీ బట్టీకి.

ఆమె నాతో రోజూ పొద్దున్నే బాదం ఆకు, వేపాకు, కానుగాకు గీకి పోగేసేది. రత్నం అంటించేది. తర్వాత ఇద్దరూ పైపు పట్టుకుని పొద్దున కాస్త, సాయంత్రం కాస్త మొక్కల తలలు తడిపేవాళ్లు. పార్కు నిగనిగలాడింది. కృపానందంగారు రెండుసార్లు నవ్వాడని కాలనీలో చెప్పుకున్నారు.

ఒక్క చోట మాత్రం మంట పెట్టనివ్వలేదు. వెనక గోడను ఆనుకున్న మూలింట్లో హైమావతిగారనే ఆవిడ ఉంటుంది, ఉబ్బసం మనిషి. మొదటి రోజే కిటికీలోంచి కేకేసింది. “ఏయ్ అమ్మాయిలూ, నన్ను చంపడానికి కాంట్రాక్టు తీసుకున్నారేంటి?” అందుకని అటువైపు ఆకును గోడవారన ఉన్న నందివర్ధనాల మొదట్లోకి తోసేసి చేతులు దులుపుకునేవారు. అక్కడికి పైపు కూడా అందేది కాదు. అందరూ మరిచిపోయిన మూల అది.

ఎండలు ముదిరాక బోరు మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు రేపు, మాపు అన్నాడు. రెండో రోజుకే మందారాలు తల వాల్చాయి. పచ్చిక గడ్డివాము రంగుకు తిరిగింది. నిన్నటిదాకా నిగనిగలాడిన మొక్కలు రెండు రోజులు నీళ్లు తప్పితే ఇంత బేలగా పడిపోవడం ఏమిటని వీరవేణి పార్కంతా తిరిగింది. రత్నమే వెనక గోడ దగ్గర్నుంచి పిలిచింది.

“వదినా, ఇటు రా. ఈ నందివర్ధనాలకి మనం నీళ్లెప్పుడు పెట్టాం?”

“అసలెప్పుడు పెట్టాం? అటేపు పైపందదు కదే.”

“అదే అంటన్నాను. మనం ముద్దుగా పెంచినయ్యేమో మూర్ఛపోయినయ్. ఇయ్యేమో పెళ్లికెళ్లేలా ఉన్నయ్.”

వీరవేణి నా కర్ర పట్టుకుని ఆ ఆకుల్లోకి పళ్లు దించింది. పైన ఎండాకు గలగలమంది. దాని కింద మెత్తటి చివికిన ఆకు. ఇంకా కిందికి దిగితే నా పళ్లకు చల్లగా తగిలింది. పైకి లాగితే నల్లటి మట్టి, వానపాము ఒకటి విసుక్కుంటూ లోపలికి పోయింది. ఊరంతా పెనంలా కాలుతుంటే ఇక్కడ తడి. ఇది కనిపెట్టింది ఎవరూ కాదు. ఒకావిడ దగ్గు, ఇద్దరి బద్ధకం కలిసి చేసిన పని.

ఆమె మట్టి పిడికిట్లో పిసికి అక్కడే గొంతుక్కూర్చుంది.

“నర్సరీ బుద్ధి పోలేదే నాకు,” అంది. “సంచిలో మొక్కని సాకినట్టు సాకాను పార్కుని. పొద్దున చెంచాడు, సాయంత్రం చెంచాడు. పైనే నోటికందిత్తే వేరు కిందకెందుకెళ్తది?”

“పైగా దుప్పటి లాగేసి తగలెట్టాం.”

“ఊఁ.”

ఆ రోజే, అప్పటికి అంటించకుండా మిగిలిన ఆకంతా చెట్ల పాదుల్లో పరిచేశారు. ఇన్నాళ్లూ నేలను గీకిన నా పళ్లు ఆ రోజు నేలను కప్పాయి. గీకడం, పోగేయడం తప్ప నాకింకో పని ఉంటుందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అయితే వీళ్లిద్దరూ ఒకటి మరిచిపోయారు. మన జిల్లాలో ఎండాకాలం సాయంత్రం గాలి ఎలా వస్తుందో మీకు తెలుసు. ఆ సాయంత్రమూ అలాగే వచ్చింది. పరిచిన ఆకంతా లేచి వరండాల్లోకి, కార్ల మీదికి, ఒకరింట్లో పూజ పళ్లెంలోకి వెళ్లి వాలింది. మర్నాడు పొద్దున కాలనీ కాలనీ అంతా పార్కులో ఉంది.

“ఏమ్మా వీరవేణీ,” అన్నాడు కృపానందంగారు, “చెత్త ఎత్తుతారని పెట్టుకుంటే ఇంటింటికీ పంచుతున్నారేంటి?”

“అందరికీ సమానంగానే పంచాంలెండి,” అని రత్నం గొణిగింది. వీరవేణి మోచేత్తో పొడిచింది.

ఒకాయన పాములొస్తాయన్నాడు. ఒకావిడ తేళ్లు కూడా అంది. విశాఖ కంపెనీ నంబరు ఉందా అని ఇంకెవరో అడిగారు. ఆదివారం మీటింగులో తేల్చేస్తామని, ఈలోగా ఒక్క ఆకు కూడా లేకుండా తీసేయమని సెక్రటరీ చెప్పి వెళ్లాడు.

మెట్టు మీద కూర్చుని వీరవేణి మెత్తబడింది. “తీసేద్దామే. ఆళ్లు చెప్పినట్టే చేద్దాం. పార్కు మిగిలితే చాలు.”

రత్నం తన అరచేతులు చూపించింది. జీడి కాల్చిన మచ్చలు ఇంకా మానలేదు. “తీసేత్తే మొక్కలు చత్తాయి. మొక్కలు చత్తే నేనెళ్లి మళ్లీ ఆ బట్టీలో కూర్చోవాలి. నా వల్ల కాదు వదినా. ఎగిరింది కాబట్టి తిట్టారు. ఎగరకుండా చేద్దాం.”

ఇక ఆ మూడు నాలుగు రోజులు నాకు తీరిక లేదు. ముందు ఒక ట్యాంకరు తెప్పించి, చిలకరించడం కాకుండా, పాదు పాదుకీ మట్టి ఇంక తాగలేనన్నంత నీళ్లు పెట్టారు. ఆ తడి మీద పెద్ద బాదం ఆకు తొక్కి పరిచి, పైన సన్నటి కానుగాకు వేశారు. కాండానికి జానెడు దూరం ఖాళీ వదిలారు, ఆకు ఆనితే చెద పడుతుందని. తర్వాత రత్నం ఒక పని చేసింది. ఇంటి ముందు వాకిట్లో కళ్లాపి చల్లినట్టు, పేడనీళ్లు ఆ ఆకుల మీద చల్లింది. ఎండకు పైపొర అతుక్కుని అట్టకట్టింది. గాలి వచ్చి ప్రయత్నించింది, పోయింది.

చివరికి ఇటుకలు. ఎవరో ఇల్లు కడుతూ పారేసిన విరిగిన ఇటుకలు ఏరుకొచ్చి ప్రతి పాదు చుట్టూ ఏటవాలుగా పాతి, ఒకదానికి సున్నం, ఒకదానికి ఎర్రటి జేగురు పూశారు. గడపకు బొట్లు పెట్టినట్టు. అది ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. నేను ఇనుమును. మనుషులకు అర్థమయ్యేవన్నీ నాకు అర్థం కావు.

ఆదివారం మీటింగుకు ముందు కృపానందంగారు పరిశీలనకు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని రైలు పెట్టెలు చూసినట్టు పాదు పాదూ చూశాడు.

“ఇదేదో డిజైనులా ఉందే.”

“డిజైనేనండి,” అంది వీరవేణి.

“బావుంది. మరి ఆకులెక్కడ పోశారు?”

“ఇయ్యేనండి. తమరి ముందున్నయ్యే.”

ఆయన వంగి చూశాడు. అవే ఆకులు. మొన్న తన వరండాలోకి వచ్చినవే. తెల్లగీత, ఎర్రగీత మధ్య కూర్చునేసరికి ఆయన కంటికి అవి తోట అయ్యాయి. అప్పుడు తెలిసింది నాకు. ఇటుకకు బయట ఉంటే చెత్త, లోపల ఉంటే అలంకారం. మనుషులకు కావలసింది శుభ్రం కాదు, ఒక గీత. ఆ గీత ఎవరైనా గీసి పెడితే చాలు, సంతోషంగా ఒప్పుకుంటారు. ఇంత చిన్న దానికి ఎన్నేళ్లు ఎన్ని చెట్లు ఎండాయో.

మీటింగు పార్కులోనే జరిగింది. పాముల ఆయన మళ్లీ పాములన్నాడు. రోజూ పొద్దున్నే దంతెతో అంచులు కదుపుతామని వీరవేణి నన్ను ఎత్తి చూపించింది. వాదన అటూ ఇటూ ఊగుతుంటే హైమావతిగారు కుర్చీలోంచే చెయ్యెత్తింది.

“పాములు వస్తాయో రావో నాకు తెలీదు. ఆ చివర మంటల పొగ కూడా ఆగిపోయింది. నాలుగైదు రోజుల నుంచి నేను కిటికీ తెరుచుకుని పడుకుంటున్నాను. మళ్లీ అక్కడ అగ్గిపుల్ల గీసినవాడి ఇంటికొచ్చి దగ్గుతాను, ఆలోచించుకోండి.”

నవ్వులు లేచాయి. విశాఖ కంపెనీ మాట ఆ నవ్వుల్లో ఎక్కడో కిందపడిపోయింది. కృపానందంగారు లేచి, “మన కాలనీ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి” అని ప్రసంగం మొదలుపెట్టాడు. రత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరవేణి వినయంగా తలూపుతూనే ఉంది. పొగడ్త ఎవరికి పోతే ఏం, పార్కు తమకు మిగలాలి.

మిగిలింది. అబద్ధం చెప్పను, పచ్చిక బతకలేదు. వీరవేణి దాన్ని మళ్లీ వేయనంది. నేలమీద పాకే పసుపుపూల తీగ సగం జాగాకు పెట్టి, మిగతాది పిల్లల ఆటకు వదిలేసింది. మోటారు బాగయ్యాక వారానికి రెండుసార్లే వేరు దాకా నీళ్లు పెడితే, మందారాలు మాత్రం చిగిర్చాయి. వానలు పడేనాటికి పాదుల్లో మట్టి చెయ్యి పెడితే దిగబడేంత గుల్లగా ఉంది. ఏడాదికి పార్కు వాళ్లదే అన్నారు. రత్నం ఆ పూట పులస చేప కోసం వెతికి, దొరక్క, బొమ్మిడాయిల పులుసు పెట్టింది.

ఇప్పుడు వాళ్లు చాలా తోటలు చూస్తున్నారు. నాకు ఒక పన్ను వంగింది, కర్ర మార్చారు. తుక్కువాడు వచ్చినప్పుడల్లా నా వైపు చూస్తాడు. వీరవేణి అతని వైపు చూస్తుంది, అతను వెళ్లిపోతాడు. ఆకు మీద నెమ్మదిగా పళ్లు ఆడించడం, కింద తడి తగలడం, ఇంతకంటే ఇనుముకు ఏం కావాలి? హాయిగా ఉన్నాను.

హాయిగా ఉన్నాను గానీ నోరు మూసుకుని లేను. మొన్న రోడ్డవతలి కాలనీ వాళ్లు వీరవేణిని పిలిచి తోట ఇస్తామన్నారు. అన్నీ కుదిరాక చివర్లో అదే మాట. ఆకు కనబడకూడదు. “అయితే మేం రామండి,” అని చెప్పి ఆమె నన్ను భుజాన వేసుకుని వచ్చేసింది. ఆమెకు ఇవాళ వద్దనే సత్తువ ఉంది. ఉగాదికి కొత్తగా పని మొదలుపెట్టిన ఇంకొకరికి ఉండదు. వాళ్లు తలూపుతారు, మీరు చెప్పినట్టే గీకుతారు, మీ చెట్లు ఎండుతాయి, తప్పు వాళ్ల మీద వేసి పంపేస్తారు.

కమిటీ పెద్దలారా, బాదం ఆకు ఎర్రబడుతోంది, రాలడానికి ఎంతో దూరం లేదు. మీటింగు పెట్టండి. ఆ షరతు కొట్టెయ్యండి. రోజూ తలలు తడిపే పైపును చుట్టబెట్టి, వారానికి రెండుసార్లు వేరు దాకా నీళ్లు పెట్టించండి. రాలిన ఆకును రాల్చిన చెట్టుకే ఇవ్వండి. నిప్పు పెట్టేవాడు ప్రెసిడెంటే అయినా సరే, చెయ్యి పట్టుకుని ఆపండి. రేపటిదాకా ఆగకండి. ఈ పొద్దున మీ గేటు పక్కన పోగేసిన కుప్ప ఇంకా అంటుకోలేదు.