గట్టు దాటిన దుప్పటి

నేను ఒక నేత దుప్పటిని. పుట్టినప్పుడు తెల్లగా ఉండేదాన్ని. ఇప్పుడు నా రంగేమిటో చెప్పడం కష్టం. నాచు రంగని ఒకరంటారు, వెలిసిన పచ్చని ఇంకొకరంటారు. చీరాల వైపు ఒక ఇంట్లో నన్ను నేసినాయన పోగు తెగినప్పుడల్లా నామీదే విసుక్కునేవాడు. ఆ తర్వాత మూట భుజాన వేసుకుని ఊళ్లు తిరిగే వ్యాపారి చేతిలో పడ్డాను. "పదేళ్లదాకా చిరగదమ్మా, నాదీ పూచీ" అని చెప్పి అతను నన్ను దీవెనమ్మకి అంటగట్టాడు. మనుషులకి తమ సంగతి సాయంత్రం దాకా తెలియదు గాని, బట్టల ఆయుష్షు మాత్రం భలే ధైర్యంగా చెప్పేస్తారు.

దీవెనమ్మది గోదావరి చివర, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఊరి చుట్టూ పొలాలన్నీ ఎప్పుడో రొయ్యల చెరువులైపోయాయి. చెరువుల మధ్యలో రొయ్యలు వలిచి, గడ్డకట్టించి, విదేశాలకు పంపే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. ఊళ్లో ఆడవాళ్లు చాలామందికి అక్కడే పని. వాళ్ల పసిపిల్లల్ని చూసుకోవడానికి ఫ్యాక్టరీ గోడ అవతల ఒక రేకుల గది కట్టారు. ఆ గదికి ఆయా దీవెనమ్మ. భర్త పోయాక ఇంట్లో ఒంటరిగా ఉండలేక ఈ పనికి ఒప్పుకుంది. పిల్లలు ఆమెని 'మామ్మా' అంటారు. గదిలో చాపలు గట్టిగా ఉన్నాయని నన్ను ఇంటినుంచి తెచ్చి పరిచింది. అలా నేను పదకొండు మంది పిల్లలకి పక్కబట్టనయ్యాను. వాళ్లు నామీద నిద్రపోయారు, కొట్టుకున్నారు, పాలు కక్కారు, ఇంకా చెప్పకూడనివి కూడా చేశారు. నాకు అంతకుముందు ఇంత బతుకు తెలియదు.

డిసెంబరు నెల మొదలయ్యాక ఫ్యాక్టరీ ఆఫీసునుంచి ఒకాయన వచ్చాడు. సరుకు కొనే విదేశీయులు పండగ ముందు చూడటానికి వస్తున్నారట. "ఈ గది కూడా చూపిస్తామమ్మా. గోడ మీద క్రిస్మసు బొమ్మలేవైనా పిల్లల చేత చేయించండి. ఫొటోలో బాగుండాలి" అన్నాడు. గోడకి పెచ్చులూడిన సంగతి అప్పుడే ఆయన కంటపడింది. "ఆ చోటు కప్పేట్టు పెద్దది చేయించండి" అని కూడా చెప్పి, రెండు రంగు డబ్బాలిచ్చి వెళ్లాడు.

దీవెనమ్మ ఆలోచించి నన్ను ఉతికి ఆరేసింది. నేల మీద పరిచి బొగ్గుతో చెట్టు ఆకారం గీసింది. ఆకుపచ్చ రంగు పళ్లెంలో కలిపి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచింది. ఒక్కో అరచెయ్యి ఒక్కో కొమ్మ. అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా. ఆ చల్లటి చిట్టి చేతులు నామీద ఒత్తుకుంటుంటే నాకు కితకితలు పుట్టాయి. ఒక పిల్ల చేత్తో బాటు మూతి కూడా ముద్ర వేసింది. మూడేళ్ల యోనా మాత్రం రంగులో ముంచిన పిడికిలి విప్పలేదు.

"చెయ్యి తెరువు నాన్నా."

"తెరవను. రంగు పోద్ది."

దీవెనమ్మ నవ్వి, ఆ పిడికిలినే నామీద ఆనించింది. గుండ్రటి మచ్చ పడింది. "ఇది గంట లే. చెట్టుకి గంటలుండాలిగా" అంది. యోనా తల్లి సంపూర్ణ ఫ్యాక్టరీలో రొయ్యలు వలిచే చోట పనిచేస్తుంది. తన గంటని అమ్మకి చూపించాలని వాడు గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

అప్పుడు ఫ్యాక్టరీ కూత వినబడింది. అన్నాల వేళ కూసే కూత కాదు. ఆగకుండా కూస్తూనే ఉంది. కాసేపటికి గేటు దగ్గరి కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఐసు మిషన్ల కాడ అమ్మోనియా గ్యాసు లీకయ్యిందండీ! పిల్లల్ని తీసుకుని ఎల్లిపోండి! గాలి ఇటేపే కొడతంది!"

"లోపల ఆడోళ్లో?"

అతను మళ్లీ గేటు వైపే పరిగెత్తాడు.

ఇంతలోనే ఆ వాసన గదిలోకి వచ్చింది. పశువుల కొట్టం వాసనని వందరెట్లు చేసి ముక్కులో కూరినట్టుంది. పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు. రోడ్డుకి పోవాలంటే ఫ్యాక్టరీ గేటు ముందునుంచి పోవాలి. అక్కడే గ్యాసు దట్టంగా ఉంది. మిగిలిన దారి వెనక చెరువు గట్టు ఒక్కటే. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేనంత సన్నది. రెండువైపులా లోతు నీళ్లు. పదకొండు మంది పిల్లలు, వాళ్లలో ఇద్దరు చంటివాళ్లు. పెద్దమనిషి ఒక్కతే.

దీవెనమ్మ ఒక్క క్షణం గది మధ్యలో అలాగే నిలబడిపోయింది. "ప్రభువా, ఎవర్నని ఎత్తుకోను?" అంది. ఎవర్నీ ఉద్దేశించి కాదు, గోడతో అన్నట్టు. ఆ వెంటనే నా కొసలు పట్టి లాగి, పిల్లలు చేతులు కడుక్కునే తొట్టిలో ముంచేసింది. ఇంకా ఆరని రంగంతా ఆ నీళ్లలో కారిపోయింది. చెట్టు పోయింది. ఆ మాట అనుకునే తీరిక ఎవరికీ లేదు, నాకు కూడా.

చంటివాణ్ణొకణ్ణి చంకన వేసుకుంది. రెండోదాన్ని కొంగుతో వీపుకి కట్టుకుంది. నీళ్లోడుతున్న నన్ను మిగతా పిల్లల తలల మీద పొడుగ్గా కప్పింది. "రైలాట! అందరూ దుప్పటి అంచు పట్టుకోండి. మూతికి అడ్డం పెట్టుకోండి. వదిలితే రైలు ఆగిపోద్ది!"

గట్టెక్కాం. నా కింద చీకటి, వేడి ఊపిరి, ఏడుపు. తడి గుడ్డకి ఆ గ్యాసుని కొంత పీల్చుకునే గుణం ఉందని తర్వాత ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. అప్పుడు మాత్రం నా పోగుపోగూ మండుతున్నట్టనిపించింది. ముందు నడుస్తున్న దీవెనమ్మ రెండడుగులకోసారి వెనక్కి తిరిగి పేర్లు పిలుస్తోంది. పేరు పిలిచిన పిల్ల 'ఓ' అనాలి. దగ్గు అడ్డొచ్చి 'ఓ' అనడం ఆలస్యమైతే ఆమె గొంతు చీలిపోయేది.

గట్టు సగం దాటాక రైలు ఆగింది. యోనా కూర్చుండిపోయాడు.

"అమ్మ కావాలి."

"లే నాన్నా, లే."

"అమ్మ లోపలుంది. నేను రాను."

వాడి వెనక నలుగురు పిల్లలు. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. దీవెనమ్మ చేతులు ఖాళీ లేవు. వెనక ఆకాశం తెల్లగా, పొగమంచు పట్టినట్టు ముందుకొస్తోంది. ఆమె అటు చూసింది, వాడి ముఖం చూసింది.

"అమ్మ రోడ్డు మీద ఉందిరా. నీకంటే ముందే ఎల్లిపోయింది. నీ కోసం చూత్తంది."

యోనా లేచాడు. తర్వాత ఇంకెక్కడా ఆగలేదు. అందరికంటే గట్టిగా నన్ను పట్టుకుని నడిచాడు.

రోడ్డు మీద రొయ్యల మేత దింపుతున్న లారీ ఒకటుంది. డ్రైవరు పిల్లల్ని ఒక్కొక్కరినే పైకెత్తి, ఊరవతల బడి దగ్గర దింపాడు. ఒక్కరూ తగ్గలేదు. కాసేపటికి తల్లులు రావడం మొదలుపెట్టారు. రబ్బరు బూట్లతో కొందరు, వట్టి కాళ్లతో కొందరు, కళ్లు కనబడక ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఇంకొందరు. బిడ్డ దొరికిన తల్లి కూలబడి ఏడ్చేది. యోనా లారీ చక్రం పక్కన నిలబడి, వస్తున్న ప్రతి ఆడమనిషినీ చూస్తున్నాడు. చలికి వణుకుతుంటే దీవెనమ్మ నన్ను పిండి వాడికి చుట్టింది.

"సంపూర్ణేదీ?" అని దీవెనమ్మ అడుగుతూనే ఉంది.

చివరికి ఒకామె తల వంచుకుని చెప్పింది. "మేమంతా ముందు తలుపున బయటపడ్డాం పిన్నీ. అది వలిచిన సరుకు తీసుకెళ్లి వెనకాల గడ్డకట్టించే గది దగ్గరుంది. ఆ తలుపుకి తాళం."

రొయ్యలు దొంగతనంగా బయటికి పోకుండా వేసిన తాళమది. రొయ్యలు పోలేదు.

సంపూర్ణని సాయంత్రం బయటికి తీశారు. మర్నాడు ఆసుపత్రిలో పోయింది.

యోనాకి తండ్రి లేడు. నరసాపురం నుంచి అమ్మమ్మ వచ్చేదాకా దీవెనమ్మే తన ఇంట్లో ఉంచుకుంది. వాడు ఏడవలేదు. దీవెనమ్మ ఎటు పోతే అటు పోయి, ఒకే మాట అడిగేవాడు. "అమ్మ రోడ్డు మీద ఉందన్నావుగా?"

మొదట ఆమె బెల్లం ముక్క చేతిలో పెట్టింది. తర్వాత మాట మార్చింది. పెద్దవాళ్లంతా వచ్చి, "చిన్నపిల్లాడు, చెప్పకండి, మర్చిపోతాడు" అని సలహా ఇచ్చి వెళ్లారు. మనుషులు తాము ఓర్చుకోలేనిదాన్ని పిల్లలకి అర్థం కాదంటారు. మూడోరోజు పొద్దున్నే దీవెనమ్మ వాణ్ణి నామీద కూర్చోబెట్టుకుంది.

"అమ్మ రోడ్డు మీద లేదురా. నిన్ను నడిపించాలని అబద్ధమాడేను. అమ్మ చచ్చిపోయింది. ఇంక రాదు."

వాడు ఆలోచించాడు. "రేపో?"

"రేపు కూడా రాదు."

"ఎల్లుండి?"

వాడికి అంతకు మించి రోజుల పేర్లు తెలియవు. దీవెనమ్మ తెలిసిన పేర్లన్నీ చెప్పింది. ఆదివారం రాదు, సోమవారం రాదు, పండగనాడు రాదు. ఒక్కో పేరుకీ వాడు తలూపాడు. అన్నీ అయిపోయాక ఆమె ఒళ్లో తల దాచుకుని అరిచాడు. ఆ అరుపు నా పోగుల్లోకి ఇంకిపోయింది. దాన్ని ఏ చాకిరేవూ వదిలించలేదు.

పండగ ముందు ఆఫీసాయన మళ్లీ వచ్చాడు. "పేపరువాళ్లు వస్తున్నారమ్మా. పిల్లల్ని కాపాడిన దుప్పటి అంటున్నారు కదా, అదే గోడకి కట్టండి. పక్కన మీరు నిలబడండి."

దీవెనమ్మ నన్ను మడతపెట్టి చంకన పెట్టుకుంది. "ఆ వెనక తలుపు కట్టుకోండి గోడకి, తాళంతో సహా. ఫొటో తీసుకోనివ్వండి" అంది. ఆ క్రిస్మసుకి గోడ మీద ఏమీ లేదు, ఊడిన పెచ్చులే.

సంక్రాంతి పోయాక ఫ్యాక్టరీ తెరిచారు. వెనక తలుపుకి తాళం తీశారు. ఎన్నాళ్లు తీసి ఉంచుతారో నాకు తెలియదు. ఆడవాళ్లు మళ్లీ అదే పనికి వచ్చారు. ఆ ఊళ్లో వేరే పని లేదు. నేను మళ్లీ నేల మీద పక్కబట్టనయ్యాను. యోనా అమ్మమ్మతో వెళ్లిపోయాడు. వాడి చోటులో ఇంకో పిల్ల పడుకుంటోంది.

ఒక్కటి మాత్రం మారింది. ఇదివరకు తల్లులు పిల్లల్ని దింపి, ఏడుస్తారన్న భయంతో, వాళ్లు ఆటలో పడగానే చప్పుడు చేయకుండా జారుకునేవారు. ఆ రోజు పొద్దున సంపూర్ణ కూడా అలాగే వెళ్లింది. ఇప్పుడు ఎవరూ జారుకోవడం లేదు. ప్రతి తల్లీ నామీద మోకాళ్లు ఆనించి కూర్చుంటుంది. బిడ్డ ముఖం రెండు చేతులతో పట్టుకుని, "ఎల్లొత్తానమ్మా" అని చెబుతుంది. పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు. ఏడవనిస్తారు.