చింతపల్లిలో నలభై నిమిషాలు

ఎడమవైపు అద్దాన్ని సోమన్న మూడోసారి తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉందని అతనికి తెలుసు. అయినా తుడిచి, డ్రైవరు సీట్లో కూర్చుని అటు చూశాడు. అద్దంలో డిపో గోడ, గోడ పక్కన నీళ్ల ట్యాంకు కనిపించాయి. కుడికన్ను మూశాడు. గోడ పోయింది, ట్యాంకు పోయింది. నడిమధ్య అరచెయ్యంత వెలుతురు మాత్రం మిగిలింది. గబుక్కున కన్ను తెరిచి, ఎవరూ తనవైపు చూడటం లేదని నిశ్చయం చేసుకుని, గుడ్డ మడిచి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆరు కావస్తోంది. నర్సీపట్నం డిపోలో బస్సులు ఒకటొకటిగా పొగ వదులుతున్నాయి. సోమన్నకు యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. కిటికీలోంచి పడే ఎండకు కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే రెండింతలు నలుపెక్కింది. కింది పెదవి లోపలివైపు చిన్న కాయ కాసి ఉంటుంది. అది సాక్సోఫోన్ ఇచ్చిన కాయ. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అతని బండి కింద కోడిపిల్ల కూడా పడలేదు. అందుకు డిపోలో శాలువా కప్పి ఇచ్చిన రెండు పత్రాలను అతని భార్య అప్పలలక్ష్మి దేవుడి పటాల పక్కన తగిలించింది. అంతకు మించి సోమన్న గురించి ఎవరూ చెప్పుకున్నది లేదు. అతనూ చెప్పుకోడు.

ఆరు దాటిన పది నిమిషాలకు కండక్టరు వెంకటదుర్గ వచ్చి, ఎడమవైపు ముందు సీట్లో కూర్చుని, టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుంది. ఆమెకు అనకాపల్లి బదిలీ అయింది. ఈ బండి మీద ఆమెకు ఇదే ఆఖరి డ్యూటీ. 

ఏడు నెలల కిందటి వరకూ ఆమె వెనక సీట్లోనే కూర్చునేది. ఒకనాడు గబ్బాడ దగ్గర రోడ్డెక్కిన ఆవుదూడను సోమన్న అసలు చూడనే లేదు. దూడే తప్పుకుంది. ఆ మర్నాటి నుంచి దుర్గ ఎవరికీ ఏమీ చెప్పకుండా ముందుకు వచ్చి కూర్చుంది. స్టాపుల పేర్లు పిలిచే గొంతుతోనే మధ్యమధ్యలో “ఎడమ” అనేది. సోమన్న స్టీరింగు రవ్వంత కుడికి తిప్పేవాడు. ఏడు నెలలుగా ఆ బండి అలాగే చింతపల్లి కొండదారిలో ఘాటీ ఎక్కుతోంది, అలాగే దిగుతోంది.

దూడ సంగతి జరిగిన వారానికి అతను డిపో పనని ఇంట్లో చెప్పి, ఒక్కడూ విశాఖపట్నం వెళ్లి కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. పని ఏమిటని అడిగితే వ్యవసాయం అని చెప్పాడు. నీటికాసులు అన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ చెప్పి చుక్కల మందు రాశాడు. కంటిలో ఒత్తిడి పెరగకూడదు కాబట్టి పెద్ద బరువులెత్తొద్దన్నాడు. బలంగా ఊదే పనులు అసలే వద్దన్నాడు. “మీరేం బూరలు ఊదరు కదా,” అని నవ్వాడు. సోమన్న కూడా నవ్వాడు.

బూర అతని సీటు వెనకే, నల్లపెట్టెలో, సైకిలు ట్యూబుతో బిగించి ఉంది.

ఆరేళ్ల కిందట ఒక పెళ్లి బస్సు తోలినప్పుడు బేండు మేళంవాళ్లు అలాంటి పెట్టెనే బండిలో మరిచిపోయారు. సోమన్న వాకబు చేసి, బలిఘట్టంలో గంగులు అనే ముసలాయన ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాడు. గంగులు నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో సాక్సోఫోన్ ఊదుతున్నాడు. పెట్టె తెరిచి చూసుకుని, అంతదూరం తెచ్చినాయనకు ఏమివ్వాలో తెలియక, ఒకసారి ఊది చూడమన్నాడు. సోమన్న ఊదాడు. ఆకలేసిన దూడ అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. వీధిలో పిల్లలు నవ్వారు. సోమన్నకు మాత్రం ఆ అరుపు పొట్టలోంచి కాళ్లదాకా పాకింది. మనిషన్నవాడు అంత గట్టిగా పలకవచ్చని నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా అతనికి తోచలేదు.

తరువాతి సెలవురోజున మళ్లీ వెళ్లాడు. మూతపడిన ఒక బేండువాళ్ల పాత వాయిద్యాన్ని గంగులే ఇప్పించాడు. వరాహనది ఇసుకలో కూర్చోబెట్టి సరళీస్వరాలు మొదలుపెట్టాడు. “గాలి గొంతులోంచి కాదండి డ్రైవరు గారూ, కడుపులోంచి తేవాల,” అని ఆరేళ్లూ అదే మాట చెప్పాడు. ఇంటిదగ్గర సాధన కుదరలేదు. పక్కింటి దేవుడమ్మ గారు ఒకటే గొడవ పెట్టింది. అప్పలలక్ష్మి కూడా, ఈ వయసులో ఎవరి పెళ్లికని ఊదుతారని అడిగింది. అందుకని చింతపల్లిలో బండి ఆగే నలభై నిమిషాలను సాధనకు పెట్టుకున్నాడు. ఖాళీ బస్సు కిటికీలన్నీ మూసి, వెనక సీట్లో కూర్చుని ఊదుతాడు. అయ్యాక నోటి దగ్గర బిగించే రెల్లు బద్దను, రీడును, ఊడదీసి ముందు అద్దం కింద ఎండకు ఆరబెడతాడు. మోహన రాగంలో గంగులు కట్టి ఇచ్చిన చిన్న పల్లవి ఒకటుంది. నాలుగేళ్లయింది. పై షడ్జమం దగ్గరికి వచ్చేసరికి స్వరం పగిలిపోతుంది. ఇంకొక్క నెల, అది వచ్చాక మానేద్దాం, అనుకుంటూ ఏడు నెలలు గడిపాడు. మానేస్తే డాక్టరు మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. అది నిజమైతే బండి దిగాలి.

డౌనూరు దాటి ఘాటీ మొదలయ్యేసరికి బస్సు నిండిపోయింది. సంతరోజు. మనుషులు డ్రైవరు పక్కన ఇంజను మీద కూడా కూర్చున్నారు. దుర్గ ముందు ఇద్దరు నిలబడటంతో ఆమెకు ముందు అద్దంలోంచి రోడ్డు సరిగా కనిపించడం లేదు. ఆమె లేచి, మనుషుల్ని తోసుకుని మెట్ల దగ్గరికి వచ్చి, తలుపు కమ్మీ పట్టుకుని నిలబడింది. సోమన్న ఆమె గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాడు. వెనక ఎవరో చిల్లర కోసం పిలిస్తే ఆమె తల అటు తిప్పింది. ఒక్క మలుపు.

“ఎడమ. అన్నయ్యా, ఎడమ,” అన్న కేక వినపడగానే సోమన్న కాలు బ్రేకు మీద పడింది. బస్సు విదిలించినట్టు ఆగింది. నిలబడ్డవాళ్లంతా ఒకరిమీద ఒకరు పడ్డారు. ముందు చక్రం కింద ఏదో పటపటమని నలిగింది.

దిగి చుట్టూ తిరిగి వెళ్తే, రోడ్డు అంచున ఒక కొండ ముసలమ్మ నిలబడి ఉంది. ఆమెకు ఏమీ కాలేదు. నెత్తిమీది మూట జారి చక్రం కింద పడింది. సంతకు తీసుకెళ్తున్న రాజ్మా గింజలు, ఎర్రగా, రోడ్డంతా చెదిరి ఉన్నాయి. ఆమె తిట్టలేదు. చక్రం వంకా అతని ముఖం వంకా మార్చి మార్చి చూసింది.

“ఇంత ఎలుగులో ఉన్నాను. సూడనేదా బాబూ?”

“సూడనేదమ్మా,” అన్నాడు సోమన్న.

ఏడు నెలల్లో ఆ మాట అతను పైకి అనడం అదే మొదటిసారి. వంగి గింజలు ఏరసాగాడు. దుర్గ కూడా దిగి ఏరింది. నలిగినవి నలిగిపోగా మిగిలినవి మూటగట్టి, ముసలమ్మను దుర్గ పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నారు. లంబసింగి దాకా దుర్గ గొంతు ప్రతి మలుపులోనూ వినిపించింది. స్టాపు పిలిచే గొంతు కాదది.

చింతపల్లిలో జనం దిగిపోయాక ఆమె డ్రైవరు సీటు పక్కకు వచ్చి నిలబడింది. చేతికి ఇంకా రోడ్డు మట్టి ఉంది.

“రేపట్నుంచి మీ పక్కన ఇంకెవులో కూకుంటారు. ఆళ్లకేటి తెలుస్తాది?” అంది. “డిపోలో మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?”

“సాయంత్రం నేనే సెప్తానమ్మా.”

“ఇన్నాళ్లూ సెప్పకుండా నేనూ తప్పు సేసేను. ఆ ముసిల్ది పోయుంటే మీతోపాటు నాదీ పాపమే.”

ఆమె టిఫిను డబ్బా తీసుకుని దిగిపోయింది. సోమన్న కొంతసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తరువాత ఒక్కొక్క కిటికీ దింపుతూ వెనక్కి వెళ్లాడు. పెట్టె తెరిచాడు. ఈ పూటే ఆఖరని అతను అనుకోలేదు. చేతులకు వేరే పని తెలియక తెరిచాడు.

ఊదాడు. పల్లవి మొదటి మెట్లు రోజూలాగే వచ్చాయి. ముఖం పొంగింది, మెడ నరాలు తేలాయి, కళ్ల వెనక బరువు పెరిగింది. రోజూ ఆ బరువు తెలియగానే భయపడి గాలి బిగబట్టేవాడు, స్వరం పగిలేది. ఇవాళ అతని భయమంతా ముసలమ్మ ముఖం మీదే ఉండిపోయింది. గాలిని ఆపాలన్న ధ్యాస లేకపోయింది. పై షడ్జమం ఎక్కడా చీలకుండా పలికింది. మూసిన బస్సు నిండా నిలబడింది. దానిమీదుగా దిగి, పల్లవి మొత్తం చివరిదాకా వచ్చి ఆగింది.

ఆరేళ్లలో ఒక్కసారి.

తల ఎత్తాడు. తలుపు దగ్గర దుర్గ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చుట్టూ వెలుతురు రంగురంగుల వలయాలుగా కనిపించింది. సోమన్న కుడికన్ను మూశాడు. ఉదయం అరచెయ్యంత మిగిలిన వెలుతురు ఇప్పుడు లేదు. దుర్గా లేదు, తలుపూ లేదు. కాసేపు అలాగే చూశాడు, వస్తుందేమోనని. రాలేదు.

“దుర్గమ్మా, బండి నేను దించను,” అన్నాడు.

ఆమె ఫోను తీసి డిపో నంబరు కలిపి అతని చేతికిచ్చింది. అవతల కంట్రోలరు ఈశ్వరరావు. బండికేమైందని అడిగాడు.

“బండి బాగుందండి. నాకే ఎడంకన్ను అవుపడట్లేదు. సానాళ్లయింది. సెప్పకపోడం నా తప్పేనండి.”

ఈశ్వరరావు, పైకి వచ్చే బండిలో ఇంకో డ్రైవరును పంపుతానన్నాడు. రెండు గంటలు పడుతుంది. కిందికి వెళ్లాల్సినవాళ్లు అప్పటికే బస్సు చుట్టూ పోగయ్యారు. ఎందుకు కదలడం లేదని అడిగారు, విసుక్కున్నారు. నల్లకళ్లద్దాల కుర్రాడొకడు, డ్రైవరు పొద్దున్నే తాగీసేడంట, అని పక్కవాడితో అన్నాడు. ఆ మాట బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది. దుర్గ ముఖం ఎర్రబడి, కుర్రాడి వైపు రెండడుగులు వేసింది. సోమన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఇరవై ఆరేళ్లూ ఎవరిచేతా మాటనిపించుకోని మనిషి, ఆ రెండు గంటలూ బస్టాండు అరుగు మీద కూర్చుని తల వంచుకుని అది విన్నాడు.

మధ్యలో ఒక్కసారి బలిఘట్టానికి ఫోను చేశాడు. పల్లవి మొత్తం వచ్చిందని చెప్పాడు. ఆ తరువాత కన్ను సంగతీ, ఇక ఊదకూడదన్న సంగతీ చెప్పాడు.

“వచ్చింది కదండీ. అదింకెక్కడికీ పోదు,” అన్నాడు గంగులు. “పెట్టి మాత్రం తెచ్చీండి. మూసీసి ఉంచితే లోపల మీటల కింద తోలు ఎండిపోద్ది.”

కొత్త డ్రైవరు ధర్మతేజ వచ్చాడు. సోమన్న తాళంచెవి అతని చేతిలో పెట్టి, మూడో గేరు కొంచెం మొండికేస్తుందని మాత్రం చెప్పాడు. అదే ఘాటీలో మొదటిసారి ప్రయాణికుడిలా, ఎడమ కిటికీ పక్కన, పెట్టె ఒళ్లో పెట్టుకుని దిగాడు. మలుపు మలుపుకీ అతని కుడికాలు, అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. దుర్గ ముందు సీట్లో ఉంది. ఆమె ఎడమ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

నర్సీపట్నంలో ఆమె లెక్క అప్పగించి, రిలీవు కాగితం తీసుకునేసరికి మధ్యాహ్నం దాటింది. అనకాపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వెళ్తూ వెళ్తూ అతని దగ్గర ఆగింది.

“ముందు వదినకి సెప్పండి. ఇంకెవులి నోటా వినకూడదు.”

సోమన్న తలూపాడు. ఆమె బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపిందేమో, అది అతనికి ఎడమవైపు అయింది. పూర్తిగా తిరిగి చూసేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

ఈశ్వరరావు తెల్లకాగితం ఇచ్చాడు, తిట్టలేదు. సోమన్న తన చేత్తోనే, దూడ దగ్గర్నుంచి ముసలమ్మ దాకా, ఏదీ దాచకుండా రాసి సంతకం పెట్టాడు. బయటికి వచ్చి డిపో గేటు పక్కన నిలబడ్డాడు. ఎటు వెళ్లాలో తెలియక కాదు. ఇంటికి ముందా, బలిఘట్టానికి ముందా అని. దుర్గ మాట గుర్తొచ్చి ఇంటివైపు తిరిగాడు.

అప్పుడే అతని బండి రెండో ట్రిప్పుకు బయల్దేరింది. ధర్మతేజ సీటు ముందుకు జరుపుకుని, నిటారుగా కూర్చుని ఉన్నాడు. బస్సు తన ముందునుంచి వెళ్తుంటే సోమన్నకు తట్టింది. పొద్దున ఊదడం అయ్యాక రీడు ఊడదీసి ఆరబెట్టి, మళ్లీ తీయడం మరిచిపోయాడు. చెయ్యెత్తి ఆపవచ్చు. ఎత్తలేదు.

ముందు అద్దం కింద, మీటర్ల పైన, బొటనవేలంత పసుపుపచ్చటి రెల్లు బద్ద, ఎండకు ఆరుతూ చింతపల్లి వైపు వెళ్లింది.